క్యాసెట్టుకు ఒక్కరోజు

నా మొదటి క్యాసెట్టు రికార్డింగుకని నంద్యాల పోయిన రోజు తలుచుకుంటే ఇప్పటికీ నా అరచేతులకు చెమట పడుతుంది. ఎనభైల మొదట్లో సంగతి. ఎనిమిది దేవుని పాటలు, నేనే రాసి నేనే బాణీ కట్టినవి. మా నాయన ఆళ్లగడ్డ దగ్గర మా ఊరి చర్చిలో పెద్ద. పాత పాటల పుస్తకంలో లేనిది ఆయన దృష్టిలో పాటే కాదు. కొత్త పాటలు చర్చిలో ఎవరినీ పాడనిచ్చేవాడు కాదు. నేను నెలరోజులు మూతి ముడుచుకుని తిరిగితే చివరికి దిగొచ్చాడు.

"ఒక్కనాడు తోడొస్తా. ఆ పొద్దు కాకపోతే ఇంగ ఆ మాటెత్తొద్దు" అన్నాడు. అన్నాడంటే అన్నట్టే.

స్టూడియో అంటే ఏదో అనుకున్నాను. మేడమీద ఒక గది, గోడలకు గోనెపట్టాలు, మధ్యలో ఒకే ఒక్క మైకు. చప్పుడు పడుతుందని ఫ్యాను కూడా ఆపేశారు. హార్మోనియం ఆయన, తబలా ఆయన సిద్ధంగా ఉన్నారు. నాయన మూలన స్టూలు మీద కూర్చున్నాడు. నేను మొదటి లైను పాడి ఆగాను.

"ఏందక్కా, మర్సిపోయినావా?" అన్నాడు రికార్డింగాయన.

"లేదన్నా. వాళ్లు అనాల గదా."

"ఎవురు? ఈడ ఎవురుండారక్కా? టేపు తిరుగుతాంది!"

మా చర్చిలో సగంమందికి చదువు రాదు. ఒకరు లైను పాడితే అందరూ దాన్నే తిరిగి పాడతారు. పుట్టినప్పటినుంచీ నాకు పాటంటే అదే. సరే, ఆగకుండా పాడదామని చూస్తే మూడో లైనుకే ఊపిరి అందలేదు. జనం పాడేటప్పుడు నేను ఊపిరి తీసుకునేలా ఆ పాటలు కట్టుకున్నానని అప్పుడు తెలిసింది. ఎంత బుద్ధిహీనురాలిని! మధ్యాహ్నమైంది, ఒక్క పాటా కాలేదు.

"నాలుగున్నర బస్సుకు నేను పోవాలప్పా. బనగానపల్లెలో పెండ్లుంది" అన్నాడు తబలా ఆయన.

ఏడుపొచ్చింది. ఏడిస్తే గొంతు పోతుందని అదీ మింగాను. ఇంత కష్టపడి ఒప్పిస్తే, చేతులారా నేనే పోగొట్టుకుంటున్నాను.

నాయన లేచాడు. "అనేవాళ్లు కావాల, అంతే గదా" అంటూ మైకు దగ్గరికొచ్చాడు. "నువ్వు పాడు పాపా. నేనంటా."

పాడాను. ఆయన తిరిగి పాడాడు. మధ్యలో ఏ మాటకు తప్పు పడతాడోనని నాకు ఒకటే గుబులు. ఐదో పాటలో నాకు లైను గుర్తు రాక నోరు తెరుచుకుని నిలబడితే, తర్వాతి లైను ఆయనే అందుకున్నాడు. ఆ పాట నేను ఏనాడూ ఆయన ముందు పాడలేదు. పొయ్యి దగ్గర కూనిరాగం తీస్తుంటే విన్నాడేమో. అడిగే ధైర్యం నాకు లేకపోయింది.

నాలుగింటికల్లా ఎనిమిది పాటలూ అయిపోయాయి. అప్పుడు నాయన మెల్లగా రికార్డింగాయన పక్కకు పోయాడు.

"అప్పా, నా గొంతు తీసెయ్. పాపది ఉంటే సాలు."

"తీసేకి రాదు పెద్దాయనా. ఒకటే మైకు. నీది తీస్తే అక్కదీ పోతాది."

నాయన వద్దంటే అన్నీ చెరిపేయాల్సిందే. ఆయన తువ్వాలతో మొహం తుడుచుకున్నాడు.

"నేను కొత్త పాటలు పాడేది మా చర్చోళ్లు వింటారే" అన్నాడు.

"వింటారు నాయనా" అన్నాను నేను తల ఎత్తకుండానే.

"విననీలే."