మణికట్టు కొలత

ఖాతూన్ బీ గాజులమ్ముకునే మనిషి. ఆదోనిలో ఆమె తిరగని వీధి లేదు, పట్టుకోని చెయ్యి లేదు అంటే కొంచెం ఎక్కువ చెప్పినట్టే గానీ, పూర్తిగా అబద్ధం కాదు. గోషా ఇళ్ళలోకి పరాయి మగవాడు తొంగి చూడలేడు. గాజులామెకు మాత్రం నేరుగా వంటింట్లోకే దారి. పొయ్యి పక్కన చాప వేసి కూర్చోబెడతారు, సబ్బు రాసుకుని చెయ్యి చాస్తారు.

ఆమెకున్న ఈ దారి బడే సాబ్‌కు కాస్త ఆలస్యంగా తట్టింది. పంతొమ్మిదివందల డెబ్బైలలో ఆయన బజారులో, నెలనెలా కట్టే కంతుల మీద కుట్టుమిషన్లిచ్చే దుకాణం పెట్టాడు. ఇంటి ఖర్చు ఎంతవుతుందమ్మా అని అడిగితే అందరిదీ ఒకటే జవాబు. "మాకేం ఖర్చన్నా, ఉన్నదాంట్లో సర్దుకుంటాం." సర్దుకుంటామనే మాటను నమ్మి వ్యాపారం చేసినవాణ్ణి ఏమనాలి? మూడు నెలలు తిరక్కుండానే కంతులు ఆగిపోయాయి. వీధి వీధంతా చూస్తుండగా మిషన్లను బండికెత్తించి తెచ్చుకున్నాడు. ఏడుపులు, శాపనార్థాలు. బడే సాబ్ లెక్కల మనిషే గానీ రాతిగుండె మనిషి కాదు. కొన్నాళ్ళు ఆయనకు అన్నం సయించలేదు.

తర్వాత ఖాతూన్ బీని పిలిపించాడు. "అక్కా, నువ్వెట్లా ఇండ్లల్లోకి పోతాండావు గదా. మిషన్ అడిగినోళ్ళ ఇల్లు ఎట్ల జరుగుతాందో సూసి సెప్పు. కంతు కట్టినాక గూడా పిల్లోళ్ళకు రొట్టె మిగలాల. మిగలదంటే నేనియ్యను. ఇంటికి రెండు రూపాయలిస్తా నీకు."

భర్త పోయి, ఒక్క కూతురికీ పెళ్ళిచేసి ఒంటరిగా ఉన్న ఖాతూన్ బీ సరేనంది. గాజులు తొడుగుతూనే జొన్నల కుండ వైపు, నూనె సీసా వైపు, గూట్లో మందుల వైపు ఓ చూపు వేసేది. కొన్నాళ్ళకు ఆమె పని ఊరందరికీ తెలిసిపోయింది. ఆమె వస్తోందంటే పక్కింటి బియ్యం తెచ్చి డబ్బా నింపడం, మందు సీసాలు దాచెయ్యడం మొదలుపెట్టారు. దాచలేనిది మణికట్టు ఒక్కటే. ఎవరికి ఏ సైజు పడుతుందో ఆమె వేళ్ళకు గుర్తు. పోయినసారి రెండూ ఆరు సైజు గాజు సబ్బు రాస్తే తప్ప ఎక్కని చేతికి, ఈసారి అంతకన్నా చిన్నది, రెండూ నాలుగు, ఊరికే జారిందంటే ఆ ఇంట్లో తిండి తగ్గినట్టే. మగవాడు తిని, పిల్లలు తిని, మిగిలితేనే గదా ఆడది తినేది.

మొదట్లో వద్దని చెప్పిన రోజు ఆమెకు ముద్ద దిగేది కాదు. మిషన్ ఇప్పించమని కౌతాళం బసమ్మ వచ్చి తన కాళ్ళు పట్టుకున్నప్పుడు తానూ ఏడ్చింది. పోను పోను అదీ పోయింది. దుకాణం మెట్ల దగ్గర నిలబడి "ఇయ్యి" అనో "వద్దు" అనో ఒక్క మాట చెప్పి వెళ్ళిపోయేది. గాజులెక్కించీ ఎక్కించీ బొటనవేలు కాయ కాసింది. మనసూ అట్లాగే అయిందనుకుంటాను.

ఒకరోజు బడే సాబ్ నవ్వుతూ ఎదురొచ్చాడు. "మీ అల్లుడు మస్తాన్ వలి వచ్చి మున్నీకి మిషన్ కావాలని అడిగిపోయినాడక్కా. నీ కూతురిల్లు సూసేదేముంది, ఇచ్చేస్తా."

"అందరిండ్లూ సూసినా గదన్నా. అదీ సూసొస్తా" అంది ఖాతూన్ బీ.

ఎమ్మిగనూరు బస్సెక్కింది. మగ్గాల చప్పుడు వినబడే సందులో మున్నీ బీ కాపురం. బియ్యం డబ్బా నిండుగా ఉంది. రోజూ తినే జొన్నరొట్టె కాకుండా అన్నమే వండి పెట్టింది మున్నీ. మిల్లులో మూటలు మోసే అల్లుడికి చేతినిండా పనుందని చెప్పింది. ఖాతూన్ బీ ఏమీ అడగకుండా తినేసి, చెయ్యి కడుక్కుని గాజుల బుట్ట విప్పింది.

బుట్ట విప్పగానే మున్నీ చెయ్యి చాచింది. గాజులామె కడుపున పుట్టిన పిల్ల, చిన్నప్పటి అలవాటు. అన్నీ దాచుకున్న మనిషి మణికట్టును మరిచిపోయింది. ఎప్పుడూ తొడిగే రెండూ ఆరు గాజు ఆ చేతి మీద వదులుగా తిరిగింది. ఖాతూన్ బీ దాన్ని తీసేసి రెండూ నాలుగు తొడిగింది. అదీ సబ్బు లేకుండానే జారింది.

"ఎండలకు సిక్కిపోయినానమ్మా, అంతే" అంది మున్నీ. తల్లి ఆ గాజును మణికట్టు చుట్టూ తిప్పి చూసింది. అప్పుడు మున్నీయే చెప్పేసింది. "మూట మీదపడి ఆయనకు నడుము పట్టేసిందమ్మా. ఉగాది కాడినుంచి పనికి పోలేదు. నాకు కుట్టు వచ్చు. రెండు నెల్లు తాళితే నేనే సంపాదిస్తా."

"ఆ రెండు నెల్లు కంతు యాడినుంచి కడతావు?"

మున్నీ చెయ్యి వెనక్కి లాక్కోబోయింది. "యాడినుంచి కడతావో నాకు తెలుసు" అంది తల్లి, ఆ చేతిని వదలకుండా.

మర్నాడు దుకాణం మెట్ల దగ్గర నిలబడి "వద్దు" అంది. బడే సాబ్ నోరు తెరిచాడు. "నీ కూతురక్కా! పోనీ నువ్వు జామీను ఉండు, ఇచ్చేస్తా."

"నేను జామీను ఉంటే, నా పొయ్యి ఎవురు సూసొస్తారన్నా?"

ఆయన గల్లాపెట్టె తెరిచాడు. అలవాటు ప్రకారం రెండు రూపాయలు చేతిలో పెట్టాడు. అలవాటు ప్రకారం ఆమె కొంగున ముడేసుకుంది. దారిలో ఏడుపొస్తుందేమోనని చూసింది. రాలేదు. ఆమె చెప్పింది తప్పని నేననను. మిషన్ ఆగింది గానీ, ఆ ఇంటి తిండి ఏమైనా పెరిగిందా? నా కోపమంతా అదే.

రంజాన్ వెళ్ళాక ఆమె జొన్నపిండి మూట పట్టుకుని మళ్ళీ ఎమ్మిగనూరు వెళ్ళింది. అల్లుడు లోపల గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. మున్నీ కోపం చూపలేదు, నిష్ఠూరమాడలేదు. చల్లారిన పొయ్యి పక్కన చాప వేసి, తల్లి బుట్ట విప్పకముందే చెయ్యి చాచింది.

"రెండూ నాలుగు వద్దులేమ్మా. రెండూ రెండు తెచ్చినావా?"

ఖాతూన్ బీ బుట్ట అడుగున వెతికింది. ఆ సైజువి బడికి పోయే ఆడపిల్లల కోసం పెట్టుకున్నవి. తీసి, ఒక్కొక్కటే కూతురి చేతికి తొడిగింది. సబ్బు అక్కర్లేకపోయింది.