ఫోను ఆమె చేతిలోనే ఉంది

ఆ ఉదయం నాకు అనుమానం వచ్చింది. వచ్చాక కూడా ఆ లింకు పంపాను. తెలియక చేశానని చెప్పుకోవడానికి వీల్లేదు.

సోంపేటలో పౌరోహిత్యం చేసుకునే నేను డొంకూరు పడవలవాళ్ల గ్రూపులో రోజూ తిథి, వర్జ్యం పెడతాను. అది చూసుకున్నాకే వాళ్లు చేపల వేటకు దిగుతారు. ఆ రోజు తిథి కింద ఒక లింకు కూడా అతికించాను. వేట నిషేధ భృతికి పేరుందో లేదో చూసుకోవాలట, ఈరోజే ఆఖరట. పైన ప్రభుత్వ ముద్ర ఉంది. అడ్రసు చివర మాత్రం సర్కారు సైట్లకుండే ‘గవ్ డాట్ ఇన్’ లేదు. ఏవో అంకెలూ అక్షరాలూ ఉన్నాయి. చూశాను. ఇంకెవరైనా ముందు పంపి మంచి పేరు కొట్టేస్తారేమోనని తొందరపడ్డాను.

మధ్యాహ్నం బజారులో కొబ్బరికాయలు ఏరుతుంటే ఫోనుకు మెసేజి వచ్చింది. తెర మీద నీలం చొక్కాతో, పడవకు ఆనుకుని నవ్వుతున్న యువకుడి ఫొటో.

“గురువు గారూ, బాగున్నారా? చిన్న సాయం కావాలి.”

అతన్ని కిందటేడు సముద్రం తీసుకుంది. శవం దొరకలేదు. దర్భలతో మనిషి బొమ్మ కట్టించి, ఇసుకలో దహనం చేయించింది నేనే. బతికున్నప్పుడు అతను నన్ను “పంతులు బాబూ” అనేవాడే గాని గురువు గారూ అని ఏనాడూ పిలవలేదు. అది గుర్తుండి కూడా “ఎక్కడున్నావు?” అని టైపు చేశాను.

“అర్జెంటు” అని జవాబొచ్చింది.

కాయ బుట్టలో పడేసి డొంకూరుకు ఆటో ఎక్కాను. దారిలో గ్రూపు తెరిస్తే ఒక పడవ యజమాని గొంతు: “సచ్చిపోయినోడు మెసేజీలు పెడతన్నాడు పంతులూ! వర్జ్యం సూసుకునే పెట్టినాడో నేదో అడగండి.”

వెనక ఎవరో నవ్వారు. నవ్వు సగంలోనే ఆగిపోయింది.

ఆ యువకుడి తల్లి గుమ్మంలో కూర్చుని ఉంది. చేతిలో ఫోను. కొడుకు ఆఖరిసారి వేటకు వెళ్తూ ఇంట్లో వదిలివెళ్లిన ఫోను అది. అందులో అతను వాట్సాప్‌లో స్నేహితులకు గొంతుతో పెట్టిన మాటలను ఆమె రోజూ పెట్టుకుని వినేది. ఆమెకు మిగిలిన కొడుకు ఆ గొంతే.

“ఫోను నా సేతిలోనే ఉంది గదా బాబూ. మరాడు ఎక్కడినుంచి మాటాడతన్నాడు? ఇంకోటి కొనుక్కున్నాడేటి?”

వాడు కాదమ్మా, దొంగలని చెప్పాను. గ్రూపులో నేను పెట్టిన లింకును ఆమె ఆ ఫోనులోనే నొక్కిందట. తెరుచుకున్న పేజీ ముందు నంబరు అడిగిందట, తర్వాత ఫోనుకొచ్చిన కోడు అడిగిందట. ఆమె రెండూ కొట్టింది. ఆ కోడుతోనే వాళ్లు అతని వాట్సాప్‌లోకి దూరారు. ఇక్కడ అది తెరుచుకోకపోతే, పక్కింటివాళ్లు కంగారులో యాప్ తీసేసి మళ్లీ ఎక్కించారు. దాంతో అతని మాటలన్నీ పోయాయి.

“తెలియని లింకు నొక్కకూడదమ్మా,” అన్నాను, సిగ్గులేకుండా.

“తెలీందేటి? మీరు పంపినారు గదా. మీరు సెప్పిన యేలకే గదా మావోళ్లు సముద్రంలో దిగేది.”

అక్కడే, ఆమె ఎదుటే, గ్రూపులో నా గొంతుతో చెప్పాను: ఆ లింకు దొంగది, అనుమానం వచ్చీ పంపాను, ఆ ఫొటోతో వచ్చేది అతను కాదు, ఎవరూ జవాబివ్వొద్దు. నా పేరు చూసి కూడా దేన్నీ నొక్కొద్దన్నాను. ఆమెను వెంటబెట్టుకుని స్టేషనుకు వెళ్లి ఫిర్యాదు రాయించాను. ఆ మాటలు తిరిగి వస్తాయని అక్కడ ఎవరూ అనలేదు.

ఇంటికి వచ్చి నా ఫోనులో పాత సంభాషణలు వెతికాను. అతను నాకు పెట్టిన మాటలు కొన్ని ఉన్నాయి. మర్నాడు వాటిని మెమరీ కార్డులోకి ఎక్కించి తీసుకెళ్లాను, లింకుతో పనిలేకుండా. కార్డు ఆమె చేతిలోని ఫోనులో వేసి మొదటిది వినిపించాను.

“పంతులు బాబూ, గాలి ఎక్కువుంది. రేపు ఎల్లమంటారా, మానీమంటారా?”

ఆమె ఫోనును చెవికి నొక్కుకుంది.

“దీనికి మీరేటి సెప్పినారు?”

“మానేయమన్నాను.”

“ఇన్నాడా?”

“ఆ రోజు విన్నాడమ్మా.”

ఇంకోసారి పెట్టమంది. పెట్టాను.