మా వంశాల సంఘం ఏడో నిబంధన

సొంత పెళ్ళికి సొంత చేత్తో అడ్డుపుల్ల వేసుకున్న మగవాణ్ణి మీరెక్కడా చూసి ఉండరు. ఆ ఘనుణ్ణి నేనే. ఎవరు తీసిన గోతిలో వాళ్ళే పడతారంటారు గానీ, నేను గొయ్యి తీసి, ఎవరూ చెయ్యందించకుండా దాని చుట్టూ కంచె కూడా నాటుకున్నాను.

యాభైల చివరి మాట. అనంతపురంలో ఒక ఆఫీసులో కొత్త గుమాస్తాను. మా సీమలో వాన మొహం చాటేసినప్పుడల్లా ఒక్కో ఇల్లు ఒక్కో దిక్కుకు పోయేది. పోయినవాళ్ళ పిల్లలు తిరిగొచ్చేసరికి ఎవరికెవరు ఏమవుతారో తెలిసేది కాదు. ఒక పెళ్ళిలో అన్న వరసైనవాణ్ణి బావ అనుకుని పరాచికాలాడి తన్నులు తిన్నవాణ్ణి కళ్ళారా చూశాను. అందుకని మా చుట్టాల్లో పెద్దలు కొందరు కూడి, వంశాలు తవ్వి వరసలు తేల్చే సంఘం ఒకటి పెట్టారు. జీతం లేదు, బత్తెం లేదు, ఎవరి ఓపిక వాళ్ళది. నిబంధనలు రాసే పని మాత్రం నాకప్పగించారు. ఇంగ్లీషులో అర్జీలు రాసేవాడికి ఆ మాత్రం రాదా అని వాళ్ళ నమ్మకం. కోతికి కొబ్బరికాయ దొరికింది.

మొదటి నిబంధన: అధ్యక్షుడు సభ్యుల్లో ఎవరికీ చుట్టం కాకూడదు. నిష్పక్షపాతం కదండీ! సభ్యులంతా ఒకరికొకరు చుట్టాలే కాబట్టి, ఎంత గాలించినా ఆ కుర్చీకి ఒక్కడే దొరికాడు. మేం ఎవరి అంగడి ముందు పందిట్లో కూర్చునేవాళ్ళమో, ఆ దర్జీ హుసేన్ సాయిబు.

"నాకెందుకప్పా ఇది?" అన్నాడాయన కత్తెర పక్కన పెట్టి. "మాలో చిన్నాయన బిడ్డనైనా చేసుకుంటాం. మీ వరసలు నాకు యాడ తెలుస్తాయి?"

"తెలియకపోవడమే నీ అర్హత, సాయిబన్నా!"

ఇక ఏడో నిబంధన. తలుచుకుంటే ఇప్పటికీ చెమట పడుతుంది. మా వైపు ఒక మంచి అలవాటుండేది. ఇద్దరి మధ్య రెండు వరసలు తగిలితే, పెద్దవాళ్ళు పనికొచ్చే వరస పట్టుకుని రెండోది మరిచిపోయేవాళ్ళు. సంబంధం నచ్చితే మరదలు, నచ్చకపోతే చెల్లెలు. హాయిగా సాగిపోయేది లోకం. నాకు మాత్రం అది ఘోరమైన అన్యాయంలా కనిపించింది. 'రెండు వరసలు వచ్చినచో తల్లి, తోబుట్టువుల వరసయే నిలుచును. మరదలి వరస చెల్లదు. సంఘము తీర్పు శిరోధార్యము. తీర్పు వేళ సంబంధిత వ్యక్తి నోరు మెదపరాదు' అని దంచి పారేశాను.

అప్పటికే ముదిగుబ్బ నరసప్ప కూతురు సరోజతో నాకు తాంబూలాలు అయిపోయాయి. నరసప్ప మా అమ్మకు పెదనాన్న కొడుకు, అన్న. కాబట్టి సరోజ నాకు నిఖార్సైన మరదలు. ఆ పిల్లను చూసొచ్చినప్పటి నుంచి ఆఫీసులో నేను వేసే కూడికలన్నీ తప్పులే. పెళ్ళి బట్టలకని వాళ్ళు అనంతపురం వచ్చిన రోజే మా మొదటి సభ. సరోజ, వాళ్ళ అమ్మా కూడా పందిట్లో ఓ పక్కన కూర్చున్నారు. ఇంకేముంది, నాకు సోకు పుట్టింది.

"సంఘం మొదటి తీర్పు నా పెళ్ళి మీదే ఇవ్వండి!" అన్నాను రొమ్ము విరుచుకుని.

కొత్తచెరువు నుంచి వచ్చిన రామప్ప తాత గొంతు సవరించుకున్నాడు. "ఏమప్పా నరసప్పా, నీ పెండ్లాం యా ఊరి బిడ్డ?"

"కొత్తచెరువే తాతా. పసిబిడ్డగా ఉన్నప్పుడే కరువుకు బళ్ళారి పోయినారు."

"మీ అత్త పేరేమి?"

"గంగమ్మ."

తాత కళ్ళు మూసుకున్నాడు. నేను సరోజ వైపు చూసి లేని మీసం దువ్వుకున్నాను.

"ఆ గంగమ్మా, ఈ పిల్లోని అమ్మమ్మను కన్న తల్లీ అక్కచెల్లెండ్లప్పా. కరువులో చెరొక దావ పట్టినారు. అట్లయితే నీ పెండ్లాం వీళ్ళ అమ్మమ్మకు చెల్లెలు. నీ కూతురు వీళ్ళ అమ్మకు చెల్లెలు. వీనికి…"

కుట్టుమిషను ఆగిపోయింది.

"చిన్నమ్మ!" అన్నారు వెనక నుంచి ఎవరో.

తాళి కట్టాల్సిన పిల్లకు వంగి దండం పెట్టాలట! "అది దూరపు…" అని నోరు తెరిచానో లేదో, సాయిబు చెయ్యెత్తాడు.

"నోరు మెదపరాదు. నువ్వు రాసిందే కదప్పా."



అంతలో నరసప్పకు అనుమానం వచ్చింది. "తాతా, నేను వీళ్ళ అమ్మకు అన్న కదా. నా పెండ్లాం ఆమెకు చిన్నమ్మ అయితే, మరి నాకు?"

"నీకూ చిన్నమ్మే" అన్నాడు తాత, చుట్ట వెలిగించుకుంటూ.

పందిట్లో గగ్గోలు లేచింది. పెళ్ళీడు కూతురున్న సంసారం ఒక్క మాటతో కూలింది. నరసప్ప మొహం పాలిపోయింది. ఆయన భార్య లేచి కొంగు నడుముకు చుట్టింది. "ఏమంటివి తాతా? ఇన్నేండ్లూ ఈయనకు సంగటి గెలికి పెట్టింది కొడుకనుకునా?" సభ్యులు ఒక్కొక్కరే పైపంచెలు దులుపుకోవడం మొదలుపెట్టారు. తర్వాత ఎవరి కాపురం తవ్వుతారోనని అందరికీ గుబులే. నేనైతే చెమటలో ముద్దయి, సరోజ వైపు కూడా చూడలేక కూర్చున్నాను. ఈ పిల్ల నాకిక దక్కదని తేలిపోయింది.

అప్పుడు సరోజ నోరు విప్పింది.

"సాయిబు మామా, సంఘం మూసేయకూడదని యాడన్నా రాసి ఉండాదా?"

సాయిబు కాగితాలన్నీ తిరగేశాడు. "లేదమ్మా! ఇన్ని రాసినాడు గానీ, అది మరిచినాడు."

"అట్లయితే మూసేయండి. సంఘమే లేకుంటే తీర్పు యాడుంటాది?"

పందిట్లో చేతులన్నీ లేచాయి. నేను రెండూ ఎత్తాను. మా సంఘం చేసిన ఏకైక ఏకగ్రీవ తీర్మానం అదే.

పెళ్ళి జరిగింది. పంక్తిలో అందరికంటే ముందు కూర్చున్నవాడు రామప్ప తాతే. నేను వడ్డిస్తూ ఉక్రోషం ఆపుకోలేకపోయాను. "తాతా, ఇంత నింపాదిగా మా పెళ్ళి భోజనం తింటున్నావే, ఆ పొద్దు నా కొంప ఎందుకు ముంచితివి?"

ఆయన పూర్ణం ఓళిగ తుంచి నెయ్యిలో అద్దుకున్నాడు. "వరస ఏమని అడిగితిరి, చెప్తిని. పెండ్లి చేసుకోవచ్చునా అని అడిగింటే, చేసుకో నాయనా అనేవాణ్ణి. అది ఒకరన్నా అడిగినారా?"

గిన్నెలో ఉన్న నెయ్యంతా ఆయన ఆకులోనే వంచేశాను.

కాబట్టి అయ్యలారా, అమ్మలారా, తూర్పు తిరిగి, చెప్పులు విడిచి, మీ అందరి ఎదుటా ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో మళ్ళీ ఏ సంఘానికీ, చివరికి భజన సంఘానికైనా, ఒక్క నిబంధన రాయను. ఈ మాట తప్పిన రోజున, మా ఆవిడ నలుగురిలో నన్ను "కొడుకా!" అని పిలుచుగాక.