కళ్యాణదుర్గం దారిలో కణేకల్ పెండ్లి చీర

ఒక పెండ్లికూతురు గదిలో గడియ పెట్టుకుని కూర్చోవడానికీ, ఒక పురోహితుడు మంత్రాలు మాని తిట్లకు దిగడానికీ, శనక్కాయ చేనులో కలుపు తీసుకునే ఆడవాళ్ళు నవ్వలేక కూలబడటానికీ కారణం నేనేనని మా బంధువుల్లో గట్టి ప్రచారం ఉంది. పచ్చి అబద్ధం. కారణం అగ్గిపెట్టెంత ఒక డబ్బీ. జరిగింది జరిగినట్టు చెబుతాను. చివరికి మీరూ నన్నే తప్పుపడతారని తెలుసు. అయినా చెబుతాను.

మాది ధర్మవరం. నాయన పట్టుచీరలు నేయించి అమ్ముతాడు. కణేకల్ దగ్గరి పల్లెలో ఓబుళప్ప అనే రైతు తన కూతురు సుజాత పెండ్లికి మా దగ్గర చీర నేయించుకున్నాడు. కొంగులో అమ్మాయి పేరు, అబ్బాయి పేరు జరీతో మెరిసే చీర. నేత ఆలస్యమై, సరిగ్గా పెండ్లి రోజు పొద్దున మగ్గం దిగింది. ముహూర్తానికి దాన్ని చేర్చే భారం నా నెత్తిన పడింది.

ఫోన్లకు ఇంకా ఇంత తెలివి రాని కాలమది. నా ఫోన్లో మ్యాపులు ఉండేవి గానీ, మనం ఎక్కడున్నామో దానికి తెలిసేది కాదు. అది తెలియాలంటే విడిగా జీపీఎస్ రిసీవర్ అని ఒక డబ్బీ కొనాలి. ఆ డబ్బీ ఉపగ్రహాల మాట విని, తీగ లేకుండానే ఫోన్ చెవిలో ఊదుతుంది. నేను బెంగళూరు నుంచి కొనుక్కొచ్చి, కొత్త దేవుణ్ణి ప్రతిష్ఠించినట్టు కారు అద్దం ముందు పెట్టుకున్నాను.

"ఉరవకొండ మీద పోతే నేరుగా కణేకల్ వస్తాది. తెలీకపోతే అడుక్కుంటా పో," అన్నాడు నాయన.

"అడుక్కునే కాలం పోయింది నాయనా. ఇప్పుడు ఉపగ్రహాలే చెప్తాయి," అన్నాను.

తోడుగా మా అమ్మ తమ్ముడు నారాయణ మామ ఎక్కాడు. చీర పెట్టెను పురిటి బిడ్డలా ఒళ్ళో పడుకోబెట్టుకున్నాడు.

కారు తీసేముందు ఫోన్లో గమ్యం కణేకల్ అని కొట్టగానే, అది ఇంగ్లీషులో ఏదో అడిగింది. ముహూర్తం తరుముకొస్తుంటే కూర్చుని చదువుతామా? మీరైతే చదువుతారా? నిజం చెప్పండి. ఓకే నొక్కాను. డబ్బీ మీద ఎర్రదీపం మిణుకుమంది. తెర మీద నీలం చుక్క బయల్దేరింది.

"ఒరే అల్లుడా, మనం ఇంకా మన వీధిలోనే ఉండాము. చుక్క ఊరు దాటి పోతాండాదే?" అన్నాడు మామ.

"మనం నిదానంగా పోతాండామని అర్థం మామా. తొందర చేస్తాండాది."

తొందర చేస్తే ఊరుకుంటానా! తొక్కాను. నేను తొక్కేకొద్దీ చుక్క మరింత ముందుకు ఉరికింది. కుక్కను చూసిన మేకపిల్లలా పోతోంది. గుంతల్లో కారు ఎగిరినప్పుడల్లా మామ పెట్టెను పైకెత్తి పట్టుకుని, ఇలవేల్పులను ఒక్కొక్కరినే పిలిచాడు.

అనంతపురం చేరేసరికి ఫోన్లో ఆడగొంతు "ఎడమకు తిరగండి" అంది, ఇంగ్లీషులో, చాలా మర్యాదగా. ఎడమకు ఒక రోడ్డు కనబడింది. తిరిగాను.

"ఒరే, ముందు పోతాండే బస్సు మీద కళ్యాణదుర్గం అని రాసుండాది. ఇది కణేకల్ దారి కాదు."

"బస్సుకు మించి తెలుసు మామా దీనికి."

"మైలురాయి మీద గూడా కళ్యాణదుర్గమనే ఉండాది!"

"ఆ రాయి పాతింది మనుషులే గదా మామా. తప్పు పాతింటారు."

ఇలా నేను ప్రభుత్వ బస్సునూ రోడ్డు పక్క రాళ్ళనూ అనుమానించానే తప్ప, ఆ ఆడగొంతును మాత్రం అనుమానించలేదు. కాసేపటికి "కుడికి తిరగండి" అంది. కుడికి రోడ్డు లేదు. బండ్లబాట ఉంది. అడ్డదారి కాబోలు అనుకుని దింపాను. దుమ్ములో రాళ్ళ మీద కారు గెంతుతూ పోయి, శనక్కాయ చేను గట్టున ఆగింది. అదే క్షణంలో ఫోన్ సంతోషంగా చెప్పింది: "మీ గమ్యం చేరుకున్నారు."

మామ పెట్టె ఎత్తుకుని దిగాడు. చుట్టూ చూశాడు. కలుపు తీస్తున్న ఆడవాళ్ళు లేచి నిలబడ్డారు.

"అమ్మా, పెండ్లి యాడ?" అన్నాడు.

"ఎవురి పెండ్లన్నా?"

"ఓబుళప్ప కూతురిది. చీర తెచ్చినాము."

వాళ్ళలో ముసలావిడ కొడవలి కింద పెట్టింది. "ఆ చీర ఇట్లా తే అన్నా, నేను కట్టుకుంటా. మొగుణ్ణి గూడా తెచ్చినారా, చీరొకటేనా?"

వాళ్ళ నవ్వు తగ్గకముందే ఫోన్ మోగింది. ఓబుళప్ప.

"ఏమప్పా, యాడుండారు? చీర రానిదే గదిలోంచి బయటికి రానని పాప గడియేసుకున్యాది. అయ్యవారు అరుస్తాండాడు!"

ఉన్న నిజం చెప్పాను. "గమ్యంలో ఉండామన్నా."

అటువైపు నుంచి వచ్చిన మాటలు ముద్రణకు పనికిరావు.

ఆ తర్వాత మామ కిటికీలోంచి సగం బయటికి వేలాడుతూ, కనబడిన ప్రతి మనిషినీ దారి అడిగాడు. బూదగవి, ఉరవకొండ అంటూ ఎట్లాగో పల్లె చేరాం. మామ పెట్టెతో పరుగెత్తాడు. గది తలుపు ఓరగా తెరుచుకుంది, ఒక చెయ్యి పెట్టెను లోపలికి లాక్కుంది, తలుపు మూసుకుంది. ముహూర్తం కొనప్రాణంతో ఉండగా తాళి పడింది. ఓబుళప్ప కళ్ళు తుడుచుకున్నాడు. తర్వాత నా వైపు చూశాడు. ఆ చూపుకు జడిసి నేను ఆఖరి పంక్తి దాకా విస్తరి ముందుకు పోలేదు.

భోజనాలయ్యాక పెండ్లికూతురే నా దగ్గరికి వచ్చింది. "అన్నా, ఆ ఫోన్ ఇట్లియ్యి, చూస్తా," అంది. కాలేజీలో చదివిన పిల్ల. చూసింది. డబ్బీని తిప్పి చూసింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"డబ్బీలో చార్జింగే లేదన్నా. ఎర్రదీపం అందుకే. రిసీవర్ దొరకలేదు, దారి ఎట్లుంటాదో ఉత్తుత్తిగా చూపించాల్నా అని ఫోన్ అడిగింటాది. నువ్వు సరే అన్నెట్లుండావు."

"అయితే ఆ చుక్క?"

"బొమ్మాట అన్నా. మీరు యాడున్నా అది దాని పాటికి అది పోతాంటాది."

"మరి గమ్యం చేరినామన్నాదే!"

"దాని లెక్కలో చేరింది గదా," అంది పెండ్లికూతురు. "ఫోన్ నా పెండ్లికి ఎప్పుడో వచ్చేసిందన్నా. మీరే రాలేదు."

పందిరంతా ఘొల్లుమంది. అందరికంటే గట్టిగా నవ్వింది, నా పక్కన కూర్చుని వచ్చిన నారాయణ మామే! ఇప్పుడు ఏ శుభకార్యానికి పోయినా ఈ కథ ఆయనే మొదలుపెడతాడు, కొడవలి ముసలావిడ గొంతు అనుకరిస్తూ.

అందుకే, ఈ పేజీ చదివే మీ అందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీద దారిన పోయే మనిషిని అడగనిదే మలుపు తిరగను. మనిషి కనబడకపోతే కారు ఆపి, ఎవరో ఒకరు వచ్చేదాకా అక్కడే కూర్చుంటాను. కళ్యాణదుర్గం రోడ్డు మీద ఎండలో ఆగిన కారు కనబడితే, దయచేసి వచ్చి పలకరించండి.