ఆరో నంబరు చేతికి తుపాకి

గల్ఫ్‌లో అజ్మాన్ నుంచి ఉమ్ అల్ క్వైన్ వైపు పోయే పెద్ద రోడ్డు మీద, శుక్రవారం మధ్యాహ్నం రెండు గంటలకు, ఒక మినీబస్సు టైరు పేలి పక్కకు ఆగింది. దిగిన పదకొండు మందిలో పది మంది బస్సు నీడలోకి చేరి, టైరు మారుస్తున్న డ్రైవరుకు సలహాలు చెప్పడం మొదలుపెట్టారు. అప్పటిదాకా ఒకరి మొహం ఒకరు చూసుకోని వాళ్ళే బండి చెడగానే చుట్టాలైపోవడం ప్రయాణాల్లో మామూలే. పదకొండో మనిషికి ఆ చుట్టరికం అక్కర్లేకపోయింది. ఆవిడ భుజాన నల్ల సంచి వేసుకుని, ఎండలోనే రోడ్డు అంచున నిలబడి, గదిలో తనతో ఉండే షర్మిలతో ఫోనులో తెలుగులో మాట్లాడుతోంది. నాలుగింటికి పేర్లిచ్చే కాగితం మూసేస్తారనీ, నడిచైనా సరే వెళ్తాననీ చెబుతోంది.

ఆవిడ పేరు ఫేబా. ఊరు పాలకొల్లు దగ్గర. వయసు నలభై మూడు. అజ్మాన్‌లోని ఒక ప్రైవేటు ఆసుపత్రి ఆపరేషన్ థియేటర్లో పద్నాలుగేళ్ళుగా నర్సు.

ఇనుప రాడ్లు వేసుకుని పోతున్న ఒక పికప్పు నెమ్మదించి వెనక్కి వచ్చింది. అందులోంచి నెరిసిన మీసాల మనిషి తల బయటపెట్టాడు.

"ఏం చెల్లె, తెలుగోళ్ళా? గీ ఎండల ఎందుకు నిలవడ్డవ్? ఎక్కు, నేను గటే పోతున్న."

ఫేబా ఒక్క క్షణం ఆయన చేతుల వంక చూసింది. మనుషుల్ని చేతుల్ని బట్టి చూడటం ఆవిడకు ఉద్యోగం నేర్పిన అలవాటు. కాలిన మచ్చలు, మొద్దు గోళ్ళు, స్టీరింగు మీద తొందర లేని పట్టు. ఎక్కి కూర్చుంది. ఆయన పేరు భోజన్న. జగిత్యాల దగ్గరి పల్లె నుంచి వచ్చి ఇరవై రెండేళ్ళుగా ఉమ్ అల్ క్వైన్‌లో ఇనుప పని చేస్తున్నాడు. దవాఖాన డ్యూటీకా అని అడిగాడు. కాదంది. మరి ఎక్కడికని అడిగితే, ఊరవతల ఎడారి అంచున ఉన్న షూటింగ్ క్లబ్బుకంది.

"ఫోటువలు దీస్తరా?"

"తుపాకి కాలుస్తానండి."

భోజన్న ఆవిడ నల్ల సంచి వంక ఒకసారి చూసి, బండిని పక్క లైనులోకి తిప్పాడు. తర్వాత, ఇంత దూరం బతకనీకి వచ్చి గీ బందూకులేందని మెల్లగా అడిగాడు. ఆ ప్రశ్న ఫేబాకు కొత్త కాదు. ప్రార్థన కూటంలో పాస్టరు జ్ఞానరాజు అడిగారు, ఊళ్ళోంచి అన్నయ్య అడిగాడు. వాళ్ళిద్దరికీ చెప్పని జవాబు, ముక్కూ మొహం తెలియని ఈ మనిషికి చెప్పింది. కొన్ని మాటలకు అపరిచితుడే మేలు.

"వారంలో ఆరు రోజులు డాక్టర్లు అడిగింది వాళ్ళ చేతికి అందిస్తానండి. ఏడో రోజు నాక్కావాల్సింది నేను తీసుకుంటాను."

ఆవిడ చేతులు చాలా చిన్నవి. థియేటర్ నర్సుల గ్లవ్సుకు నంబర్లుంటాయి. ఆవిడది ఆరు. రెండువేల ఇరవైలో కోవిడ్ వచ్చి సరుకు కరువైనప్పుడు ఆరో నంబరు ఎక్కడా దొరకలేదు. నాలుగు నెలల పాటు ఏడున్నర తొడుక్కుని, మణికట్టు దగ్గర ప్లాస్టరు చుట్టుకుని పని చేసింది. వేళ్ళ చివర్లలో వేలాడే ఆ రబ్బరు మూలంగానే ఒకరోజు సూది జారి బొటనవేలిలో దిగింది. ఆ తర్వాత మూడు వారాలు గదిలో ఒంటరిగా, రక్తపరీక్షల కోసం ఎదురుచూస్తూ గడిపింది. ఏమీ కాలేదు. కానీ ఆ మూడు వారాల్లో ఒక మాట అనుకుంది: ఇకమీదట తన చెయ్యి వస్తువుకు సర్దుకోదు.

మరుసటి ఏడు ఆ క్లబ్బులో పోటీలు జరిగితే ఆసుపత్రి వాళ్ళు ఫస్ట్ ఎయిడ్ బల్ల దగ్గర ఆవిణ్ని కూర్చోబెట్టారు. రోజంతా ఒక్కరికీ దెబ్బ తగల్లేదు. పని లేక ఆట చూసింది. నిలబడి ఒకే బొమ్మను కాల్చే ఆట కాదది. గంట మోగగానే నడుముకున్న తుపాకి తీసి, గోడల చాటు నుంచి పరుగెడుతూ, దారిలో కనిపించిన ప్రతి అట్టబొమ్మకూ రెండేసి గుళ్ళు పెట్టాలి. వచ్చిన మార్కుల్ని పట్టిన సెకన్లతో భాగిస్తారు. తొందరపడితే మార్కులు పోతాయి, ఆలస్యమైతే సెకన్లు పోతాయి. సాయంత్రం ఎవరో సరదాకి ఆవిడ చేత ఆరు గుళ్ళు కాల్పించారు. అంతే, తర్వాత ఏ శుక్రవారమూ తప్పలేదు.

మొదటి పోటీలో మాత్రం పరువు పోయింది. కాల్చడం అయ్యాక అధికారి దగ్గరికొచ్చి, ఖాళీ అయిందో లేదో చూపించమని చెయ్యి చాచాడు. థియేటర్లో ఎవరైనా చెయ్యి చాస్తే కత్తెరైనా కత్తైనా పిడి వాళ్ళ వైపు తిప్పి అరచేతిలో పెట్టాలి. ఏళ్ళ తరబడి అలవాటు. ఫేబా చెయ్యి తనంతట తానే తుపాకిని తిప్పి, పిడి ఆయన వైపూ గొట్టం తన పొట్ట వైపూ ఉండేలా మర్యాదగా అందించింది. మైదానమంతా ఆగిపోయింది. గొట్టం గుళ్ళను ఆపే ఇసుక దిబ్బ వైపు తప్ప మరెటూ తిరగకూడదు, ఒక చేతి నుంచి మరో చేతికి తుపాకి మారకూడదు. ఆవిణ్ని అప్పుడే ఇంటికి పంపేశారు.

ఇది విని భోజన్న స్టీరింగు మీద కొట్టి మరీ నవ్వాడు. నవ్వు ఆగాక, తమది కమ్మరి ఇల్లని చెప్పాడు.

"మా నాయిన కొడవలి జెయ్యాల్నంటే ముందు చెయ్యి సూపియ్యిమంటుండె. పిడికిలి వట్టి సూసినంకనే పిడి చెక్కుతుండె. ఒకల కొడవలి ఇంకొకలు వట్టుకపోతే పని సాగకపోతుండె."

మ్యూజియాల్లో పాత కత్తులు చూసేవాళ్ళు, వీటి పిడులింత చిన్నవేమిటి, మన పూర్వులకు చేతులే లేవా అని నవ్వుకుంటూ ఉంటారు. అద్దాల వెనకున్న ఆ కత్తులు ఎవరి పిడికిలి కొలతకు వాళ్ళవి. ఒకే అచ్చులో లక్ష పోతపోసి, చేతినే సర్దుకోమనడం తర్వాత వచ్చిన పద్ధతి.

క్లబ్బు చేరేసరికి మూడు. గేటు దగ్గర దిగిపోతుందనుకుంటే భోజన్న కూడా బండి ఆపి దిగాడు. యజమాని అడిగితే టైరు పేలిందని చెబుతానన్నాడు. చూడవచ్చినవాళ్ళు అద్దం వెనక బెంచీల మీద కూర్చోవచ్చు. అక్కడే పాలు పొయ్యని సులేమానీ చాయ్ దొరుకుతుంది. లోపలి మాటలు వినిపించడానికి గోడకొక స్పీకరు ఉంది.

లోపల ఫైజల్ ఎదురుచూస్తున్నాడు. కరాచీ మనిషి, క్లబ్బు టీముకు శిక్షకుడు. చెడ్డవాడు కాడు. ఫేబాకు ఈ ఆట నేర్పింది అతనే. వచ్చే వారం చుట్టుపక్కల క్లబ్బులతో జరిగే పోటీకి నలుగురి టీములో నాలుగో చోటు ఆవిడకు ఖాయం చేసిందీ అతనే. ఆ చోటు కోసం ఆవిడ రెండేళ్ళుగా కాచుకుని ఉంది. బల్ల మీద నీలం రంగు టీము చొక్కా మడతపెట్టి ఉంది, వీపు మీద ఆవిడ పేరు అచ్చుతో. ఫేబా ఆ అక్షరాల మీద వేలు పెట్టి చూసుకుంది. దాని పక్కన కాగితం. అందులో ఒక్క గడి మిగిలింది: ఏ తుపాకి. నాలుగింటికి రాసి సంతకం పెడితే, అది విరిగిపోతే తప్ప పోటీ ముగిసేదాకా మార్చడానికి లేదు.

కాల్పుల బల్ల మీద మూడు తుపాకులు ఉన్నాయి, మూడూ గొట్టం దిబ్బ వైపు. ఒకటి టీములో మగవాళ్ళు ముగ్గురూ వాడే బొద్దు పిడిది. రెండోది దాని చెల్లెలు, అదే తయారీ, పొట్టిది, తేలికైనది. ఫైజల్ దాన్ని "లేడీస్‌వాలా" అంటాడు. మూడోది పాతది, అంతా ఉక్కు, మిగతా రెండింటికంటే బరువు. దాన్ని ఎవరూ ముట్టుకోరు, పిడి మీద చెక్క కూడా నల్లబడింది.

ఫేబా ఒక్కొక్కటే తీసుకుని కళ్ళు మూసుకుంది. రెండు చేతులా పట్టి ఎదురుగా ఎత్తి, కళ్ళు తెరిచింది. బొద్దుది ఎత్తిన ప్రతిసారీ గొట్టం కొసన గురి చూసే ముందు గుర్తు పక్కకు పోయి ఉంది. వేలి కొస మాత్రమే ట్రిగ్గరుకు అందుతోంది, నొక్కితే గుండు ఎడమకు పోతుంది. పొట్టిది గురి సరిగ్గానే ఉంది కానీ చిటికెన వేలు పిడి కింద గాలిలో వేలాడుతోంది. తేలిక కాబట్టి పేలిన ప్రతిసారీ ఎగిరి పడుతుంది, మళ్ళీ పట్టు సర్దుకోవాలి. ఉక్కుది ఎత్తి కళ్ళు తెరిస్తే ముందు గుర్తు వెనక గాడి మధ్యలో కదలకుండా నిలబడి ఉంది. సన్నని పిడి, అయిదు వేళ్ళకూ చోటు.

"చూడు సిస్టర్," అన్నాడు ఫైజల్ ఉర్దూలో, "అది మొదటి దెబ్బకు మొండికేస్తుంది. ట్రిగ్గరు దూరం, గట్టి. తర్వాతివి మెత్తగా పోతాయి, ఆ మొదటిది నీ వేలితో కాదు."

అది నిజం. అది ఫేబాకూ తెలుసు. అందుకే రెండు నెలలుగా డ్యూటీ మధ్య విరామంలో, మూతి మూసిన పెద్ద సిరంజి పుల్లను చూపుడు వేలితో వెనక్కి లాగుతూ కూర్చుంటోంది. లోపల గాలి లేక అది లోపలికి గుంజుకుంటుంది, వేలు తనవైపు లాక్కోవాలి. ఎవరైనా అడిగితే కీళ్ళ నొప్పికి వ్యాయామమని చెప్పేది.

రెండింటితోనూ కాల్చి చూపిస్తానంది. ఆరు బొమ్మలు, పన్నెండు గుళ్ళు. ముందు పొట్టిదానితో. ఎనిమిది పాయింటు నాలుగు సెకన్లు. గుళ్ళు అటూ ఇటూ చెదిరాయి, నలభై రెండు మార్కులు. తర్వాత ఉక్కుదానితో. గంట మోగింది. మొదటి దెబ్బ, ఫైజల్ చెప్పినట్టే, బొమ్మ అంచున పడింది. అద్దం వెనక భోజన్న చాయ్ కప్పు నోటి దాకా తెచ్చి ఆపాడు. రెండోది నడిమిట్లో. మూడోది నడిమిట్లో. పరుగెత్తి, గోడ చాటు నుంచి వంగి, చివరి బొమ్మ దాకా అలాగే, ఇంకొక్కటి తప్ప అన్నీ నడిమిట్లోనే. తొమ్మిది పాయింటు ఆరు సెకన్లు, యాభై నాలుగు మార్కులు.

ఫైజల్ టైమరు చూపించి, సెకను పైన పోయిందన్నాడు. భాగించి చూడమంది ఫేబా. అతను భాగించాడు. మొదటిదానికి సరిగ్గా అయిదు, రెండోదానికి అయిదున్నర పైన. కాసేపు మెడ గోక్కున్నాడు. అప్పుడు అసలు సంగతి బయటికొచ్చింది. బొద్దుదానికీ పొట్టిదానికీ పిడిలోకి దూర్చే గుళ్ళ పెట్టె ఒకటే. టీములో ఒకరి పెట్టెలు అయిపోతే ఇంకొకరివి అందుకుంటారు. ఉక్కుదాని పెట్టె వేరు, అది ఎవరికీ పనికిరాదు. నలుగురూ ఒకే సరుకుతో వెళ్ళాలన్నది అతని నియమం.

"ముగ్గురికి నువ్వు అందించాలి, నీకు వాళ్ళు అందించాలి. టీమ్ అంటే అదే," అన్నాడు. "పొట్టిది రాయి. చొక్కా తీసుకో. ఖలాస్."

అందించాలి అన్న మాట ఆవిడ చెవిలో ఎలా పడిందో అతనికి తెలియదు.

"వాళ్ళ చేతులకు సరిపోయింది వాళ్ళు తీసుకున్నారు కదా," అంది ఫేబా, గొంతు పెంచకుండా. "వాళ్ళలో ఒక్కరినైనా చెయ్యి కుదించుకోమన్నారా?"

ఫైజల్ నేలకేసి చూసి, అలా అయితే టీములో చోటు లేదన్నాడు. ఒంటరిగా పేరిచ్చుకోవచ్చు. కానీ పెట్టెలు నింపేవాళ్ళుండరు, తప్పు చూసి చెప్పేవాళ్ళుండరు, మొదటి దెబ్బ పోతే వీపు తట్టేవాళ్ళూ ఉండరు. బెదిరింపుగా కాదు, నిజంగానే బాధపడుతూ చెప్పాడు. ఇంకోసారి ఆలోచించుకోమని కలం ఆవిడ ముందు పెట్టాడు. గోడ గడియారంలో నాలుగుకు ఆరు నిమిషాలు.

ఫేబా చొక్కా వంక చూసింది. రెండేళ్ళ శుక్రవారాలు అందులో మడతపడి ఉన్నాయి. ఆ పేరున్న వీపుతో ఒక ఫోటో దిగి పాలకొల్లుకు పంపాలనుకుంది, అన్నయ్య నోరు మూయించడానికైనా. మడత చెదరకుండా చొక్కాను పక్కకు జరిపింది. కలం తీసుకుంది. టీము అన్న గడిలో అడ్డంగా ఒక గీత గీసింది. పక్క గడిలో, ఆపరేషను ముందు పనిముట్లు లెక్క చూసుకున్నట్టే ఒక్కో అంకె పైకి చదువుకుంటూ, ఉక్కు తుపాకి మీదున్న నంబరు రాసింది. కింద సంతకం పెట్టింది, తేదీ వేసింది.

"మొదటి దెబ్బ పోతుంది సిస్టర్," అన్నాడు ఫైజల్ మళ్ళీ.

"పోనీ. నా దెబ్బే కదా పోయేది."

కాగితం అతని వైపు తోసి, సంచి భుజాన వేసుకుని తలుపు తీసింది. అద్దం వెనక భోజన్న రెండో కప్పు చాయ్ కూడా పట్టుకుని లేచి నిలబడ్డాడు, ఆవిడకిద్దామని, తిరుగు దారిలో బస్సు దాకా దింపుతానని చెబుదామని. ఫేబా ఆయన ముందు నుంచే వెళ్ళింది. చాయ్ చూడలేదు, మనిషినీ చూడలేదు. చూపుడు వేలు ఒక్కటే, ట్రిగ్గరు లాగుతున్నట్టు, గాలిలో మెల్లగా మడుచుకుంటూ, తెరుచుకుంటూ ఉంది. గేటు దాటి, పికప్పు దాటి, రోడ్డు కనపడే వైపు ఇసుకలో గబగబా నడిచిపోయింది. వస్తానని కూడా అనలేదు.