మా ఫిల్టరు ధారగా వచ్చిన రోజులు

ఈ మాట నా గొంతులో అడ్డం పడి ఇరవై ఏళ్లు దాటింది. మింగలేకపోయాను, బయటికి అనలేకపోయాను. మా అమ్మతో ఒకసారి చెప్పబోయి ఆగిపోయాను. ఇప్పుడు అమ్మ లేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు, అందుకే మీకు చెప్పడం సులువుగా ఉంది. ఇందులోనూ ఒక పిరికితనం ఉందని నాకు తెలుసు. ఆ మాట నేనే ముందు అనేస్తున్నాను.

మాది హిందూపురం. తొంభైల్లో ధర్మవరం కోడలిగా వచ్చాను. ముందు గదిలో రెండు మగ్గాలు, ఒకటి మామది, ఒకటి మా ఆయనది. వెనక వంటిల్లు. వంటింటి అరుగు మీద స్టీలు ఫిల్టరు. వీధిలో మొదట ఫిల్టరు కొన్నది తామేనని మా అత్తకు గొప్ప. ఎవరొచ్చినా ముందు ఆ నీళ్లే ఇచ్చేది. గ్లాసు చేతికిచ్చి, తాగేదాకా మొహంలోకి చూసేది.

ఆ రకం ఫిల్టర్లు ఇప్పుడు ఎక్కువగా కనిపించడం లేదు కాబట్టి చెబుతాను. పైన ఒక డబ్బా, కింద ఒక డబ్బా. పై డబ్బాలో తెల్లటి పింగాణీ క్యాండిళ్లు రెండు నిలబడి ఉంటాయి. పైన పోసిన నీళ్లు వాటిలోకి ఇంకి, కింది డబ్బాలోకి చుక్కలు చుక్కలుగా దిగుతాయి. మా నీళ్లేమో ఉప్పు నీళ్లు. నాలుగు రోజులు తిరిగేసరికి క్యాండిళ్ల మీద సున్నం పూసినట్టు పొర కట్టేది, దాని మీద ఎర్రటి బంక. చుక్క ఆగిపోయేది. అప్పుడు వాటిని విప్పి, కొబ్బరి పీచుతో రుద్ది, వేడినీళ్లలో మరగబెట్టి, ఆరనిచ్చి మళ్లీ బిగించాలి. ఆ పని నాది.

నాకు ఆ పని అంటే ఒళ్లు మంట. ఎంత రుద్దినా అంతే. పొద్దున పోసిన నీళ్లు మధ్యాహ్నానికి సగం కూడా దిగేవి కావు. మగ్గం మీద మగవాళ్లు నీళ్లడిగితే అత్త ఖాళీ గ్లాసు పట్టుకుని నా వైపు చూసేది. హిందూపురంలో మీ అమ్మ నీకు తోమడం కూడా నేర్పలేదా అనేది. మా వీధిలో ఫిల్టరును చూసే పద్ధతి ఒకటే. నీళ్లు తొందరగా దిగితే కోడలు బాగా తోమినట్టు, మెల్లగా దిగితే కోడలు సోమరి. ఇంకోలా ఆలోచించినవాళ్లు ఎవరూ లేరు. నేనూ ఆలోచించలేదు.

ఒక ఎండాకాలం. క్యాండిళ్లు పొయ్యి మీద మరుగుతున్నాయి. అత్త ముందు గదిలోంచి ఇంకా కాలేదా, ఇంకా కాలేదా అని అరుస్తోంది. మా పాప ఏడుస్తోంది. నాకు విసుగెత్తింది. ఆరేదాకా ఎవరు కూర్చుంటారని, పట్టకారుతో తీసి పొగలు కక్కుతున్న క్యాండిల్‌ను అలాగే బిందెలోని చల్లటి నీళ్లలో వేశాను. టిక్ మంది. పైకి తీసి చూస్తే మెడ దగ్గర వెంట్రుకంత గీత, సగం చుట్టూ. బిగించిన చోట అది కనిపించదు. నేను బిగించేశాను. సాయంత్రం చెబుదామనుకున్నాను.

సాయంత్రానికి కింది డబ్బా నిండిపోయింది. అత్త పై డబ్బా ఎత్తి చూసింది. చుక్కలు కాదు, సన్నటి ధార కారుతోంది. అత్త నా వైపు తిరిగి, ఇప్పుడొచ్చింది నీకు తోమే చెయ్యి అంది. ఆ ఇంట్లో నేను విన్న మొదటి మంచి మాట అది.

ఎందుకు చెప్పలేదని నన్ను నేను చాలాసార్లు అడిగాను. భయమా? భయం మొదటి రోజుదే. మర్నాటి నుంచి అది భయం కాదు, మెప్పు. ఆ మెప్పు నాకు కావాలి. అత్త పక్కింటివాళ్లతో, మా కోడలు తోమితే నీళ్లు ఎట్లా దిగుతాయో వచ్చి చూడండి అనేది. వాళ్లు తమ క్యాండిళ్లు బేసిన్లలో పెట్టుకుని నా దగ్గరికి వచ్చేవాళ్లు. నేను చీర కొంగు బిగించి వాళ్లకు తోమి చూపించేదాన్ని. మీ ఇంట్లో వచ్చినట్టు మా ఇంట్లో రావడం లేదే అని తర్వాత వాళ్లు నిష్ఠూరమాడితే, మీరు గట్టిగా రుద్దడం లేదు అని పాఠం కూడా చెప్పేదాన్ని. ఇప్పుడు తలుచుకుంటే నా చెంప నేనే పగలగొట్టుకోవాలనిపిస్తుంది.

ఇక మాబున్ని గురించి చెప్పాలి. ఇంతసేపూ ఫిల్టరు సంగతి చెబుతూ కూర్చున్నది ఆమె పేరు దగ్గరికి రావడం ఇష్టం లేకే.

మాబున్ని మా వీధిలో నాలుగైదు ఇళ్లకు తాగే నీళ్లు మోసేది. మొగుడు చనిపోయాడు, పిల్లలు లేరు. నాకంటే పదేళ్లు పెద్ద. అక్కా అనేదాన్ని. నీళ్లకు రెండు చోట్లుండేవి. దగ్గరలో మురుగుకాలువ పక్కన కొళాయి, దూరంగా బడి వెనక బోరింగు. కొళాయి నీళ్లు తాగడానికి పనికిరావని అందరికీ తెలుసు. మాబున్ని ఎప్పుడూ బోరింగుకే పోయేది. మా మిద్దె మీదికెక్కితే ఆ బోరింగు కనిపిస్తుంది. బట్టలు ఆరేస్తూ రోజూ చూసేదాన్ని. వరుసలో నిలబడి, బిందెను ముందు రెండుసార్లు తొలిచి, ఆ తర్వాతే పట్టేది. నా చెల్లెలు కూడా అంత శ్రద్ధగా పట్టదు.

ఆ ఏడు వానలు గట్టిగా పడ్డాయి. బోరింగు చుట్టూ బురద నిలిచింది. నీళ్లు కాస్త రంగు తిరిగి వచ్చేవి. అందరి ఇళ్లలోనూ అంతే. మాకు ఫిల్టరు ఉంది కదా అని అత్తకు ధీమా. అప్పుడే పాపకు జ్వరం పట్టుకుంది. వస్తుంది, పోతుంది, మళ్లీ వస్తుంది. డాక్టరు రక్తం తీసి చూసి టైఫాయిడ్ అన్నాడు. తాగే నీళ్ల వల్ల అన్నాడు. ఆ మాట అన్నప్పుడు నేను అక్కడే ఉన్నాను, పాప నా ఒళ్లో ఉంది. నా కళ్ల ముందుకు వచ్చింది ఆ వెంట్రుకంత గీత, వడపోత లేకుండా నీళ్లు జారిపోయే దారి.

పాప బతికింది. జుట్టంతా ఊడి మళ్లీ వచ్చింది. ఇప్పుడు దానికీ ఒక పిల్ల ఉంది. కానీ ఆ రోజుల్లో ఆసుపత్రి మంచం పక్కన కూర్చుని నేను పాప బతకాలని మొక్కుకున్నాను. దాంతోపాటే, ఎవరూ ఫిల్టరు విప్పి చూడకూడదని కూడా మొక్కుకున్నాను. రెండూ ఒకే నోటితో. కన్నతల్లే పిల్లకు విషం పోసిందని అంటారేమోనని నాకు భయం. మొక్కుకున్న రెండూ జరిగాయి.

ఫిల్టరు మీద ఎవరికీ అనుమానం రాలేదు. ఎట్లా వస్తుంది? అంత బాగా వస్తున్న ఫిల్టరు. అందుకే అత్త లెక్క నేరుగా నీళ్ల మీదికి పోయింది. మా ఫిల్టరు మంచిదే, మా కోడలు తోమేది మంచిగానే, అంటే తెచ్చిన నీళ్లే చెడ్డవి. మాబున్ని దూరం పోలేక కాలువ పక్క కొళాయి నీళ్లు పట్టి తెస్తోందని తేల్చింది.

ఆ రోజు మాబున్ని బిందె గడప దగ్గర దించకముందే అత్త తిట్లందుకుంది. వీధి అంతా వినేలా. పక్కిళ్లవాళ్లు వచ్చి నిలబడ్డారు. ఆమె శుభ్రత గురించి ఒకరు, ఆమె మతంవాళ్ల గురించి ఇంకొకరు, అనకూడని మాటలు అన్నారు. మాబున్ని నడుం మీద బిందె అలాగే ఉంది. నా వైపు చూసింది.

"నేను యాడ పడతాండానో నువ్వు మిద్దెమీంద నుంచి దినామూ సూస్తాండావు కదమ్మా. ఒక్క మాట చెప్పు."

"నేనేం సూసినా? నాకేం తెల్దు," అన్నాను.

అంతే. అంతకు మించి నేనేమీ అనలేదు. అరవలేదు, తిట్టలేదు. ఆ రెండు ముక్కలే చాలాయి. మాబున్ని బిందె కిందికి దించి, నీళ్లు గడప పక్కన కుంకుడు మొక్కకు పోసి, ఖాళీ బిందె బోర్లించి వెళ్లిపోయింది. ఆ బిందె మాదే. మరుసటి వారానికి మిగతా ఇళ్లవాళ్లూ ఆమెను మానిపించారు. పెనుకొండలో చెల్లెలి దగ్గరికి పోయిందని తర్వాత తెలిసింది.

ఆ జ్వరం పగిలిన క్యాండిల్ వల్లే వచ్చిందా? నాకు తెలియదు. బడి దగ్గర ఏదైనా కొనుక్కు తిందేమో, ఇంకెక్కడైనా తాగిందేమో. ఏళ్ల తరబడి ఈ అనుమానాన్నే పట్టుకుని ఊగులాడాను, అదేదో నన్ను గట్టెక్కిస్తుందన్నట్టు. కానీ దానితో పనేముంది? దేని వల్ల వచ్చిందో నాకు తెలియదు గానీ, మాబున్ని వల్ల రాలేదని తెలుసు. తెలిసిన ఆ ఒక్క ముక్కే నన్ను అడిగింది. తెలియదని చెప్పాను.

పాప తేరుకున్నాక పుట్టింటికని హిందూపురం పోయి, కొత్త క్యాండిళ్లు కొని తెచ్చాను. ఎవరూ లేనప్పుడు పాతవి విప్పి కొత్తవి బిగించాను. పాతవి సంచీలో దాచి, మళ్లీ హిందూపురం పోయినప్పుడు అక్కడ ఇంటి వెనక దిబ్బలో పారేశాను. నీళ్లు మళ్లీ చుక్కచుక్కగా దిగడం మొదలైంది. అత్త మళ్లీ మొదలుపెట్టింది. ఈ మధ్య నీకు ఒళ్లు బరువెక్కింది, ముందు మాదిరి తోమడం లేదు అని. తను చనిపోయేదాకా అంటూనే ఉంది. ఫిల్టరు పాడుగా ఉన్నన్నాళ్లూ నన్ను మెచ్చుకున్నారు, బాగుచేశాక తిట్టారు. ఆ తిట్లు తింటుంటే ఒక్కోసారి నవ్వొచ్చేది, ఒక్కోసారి ఫిల్టరు ఎత్తి వీధిలో కొట్టాలనిపించేది. ఇది నాకు తగిన శిక్షేలే అని సరిపెట్టుకునేదాన్ని. ఎంత చవక శిక్ష.

తర్వాత చాలా ఏళ్లకు, వీధి చివర శుద్ధి చేసిన నీళ్లని క్యాన్లలో అమ్మడం మొదలైన రోజుల్లో, హిందూపురం పోతూ పెనుకొండ బస్టాండులో బస్సు మారాల్సి వచ్చింది. నా పేరు పెట్టి ఎవరో పిలిచారు. తిరిగి చూస్తే మాబున్ని. జుట్టు నెరిసింది. నేను గుర్తుపట్టనట్టు నటించేలోపే చెయ్యి పట్టుకుంది. ఆమె అడిగిన మొదటి మాట, పాప బాగుండాదా అని.

కొట్టినా బాగుండేది. నాలుగు తిట్టినా బాగుండేది. నాకు ఆమె మీద కోపం వచ్చింది, నిజంగా. ఇంత మంచిగా ఎందుకు మాట్లాడుతోంది, నన్ను ఏడిపించడానికా అని. బస్సుకు ఇంకా టైముందని, ఇల్లు దగ్గరేనని లాక్కుపోయింది. చిన్న గది. మూలన ఒక స్టీలు ఫిల్టరు, మా ఇంట్లోదాని కంటే చిన్నది. నీళ్లు ఇద్దామంటే అందులో చుక్క లేదు. క్యాండిల్ బంక కట్టిపోయింది. నువ్వు బాగా తోముతావు కదమ్మా, చూడు అంది. ఎగతాళి కాదు. మా వీధిలో నాకున్న పేరు ఆమెకు ఇంకా గుర్తుంది.

కూర్చుని తోమాను. జన్మలో అంత మెల్లగా ఏ పనీ చేయలేదు. పీచుతో సుతారంగా రుద్ది, మరగబెట్టి, పూర్తిగా చల్లారేదాకా చేతులు కట్టుకుని కూర్చున్నాను. కిటికీ దగ్గర వెలుతురులో అటూ ఇటూ తిప్పి, మెడ దగ్గర వేలితో తడిమి చూశాను. ఎక్కడా గీత లేదు. బిగించి నీళ్లు పోశాను. మాబున్ని పై డబ్బా కొంచెం ఎత్తి తొంగి చూసింది.

"ఏమ్మా, ఇంత సన్నగా వస్తాండాది? మీ ఇంట్లో దారగా వస్తాండె కదా?"

అదీ సమయం. ఆమే తలుపు తీసి పట్టుకున్నట్టు. నా నోట్లో మాట ఉంది. ఇద్దరమే ఉన్నాం. అత్త లేదు, వీధి లేదు.

"సన్నగా వస్తేనే మంచిదక్కా," అన్నాను.

మాబున్ని నా మొహంలోకి చూసింది. చాలాసేపు చూసిందని నాకనిపించింది, మామూలుగానే చూసిందేమో. అర్థమైందా? అర్థమై ఊరుకుందా? ఈ ప్రశ్న ఇప్పటికీ నా ప్రాణం తీస్తుంది. ఆమె గ్లాసు తెచ్చి ఫిల్టరు కొళాయి కింద పెట్టి, నిండేదాకా పక్కనే కూర్చుంది. నా బస్సు పోయింది. గ్లాసు నిండాక నా చేతికిచ్చింది. తాగాను. మళ్లీ బస్టాండు దాకా వచ్చి తర్వాతి బస్సెక్కించింది.

ఆ తర్వాత ఆ దారిన ఎన్నోసార్లు పోయాను. బస్సు పెనుకొండలో ఆగుతుంది. నేను దిగను. ఆమె ఉందో లేదో కూడా నాకు తెలియదు. కనుక్కోవడం పెద్ద పని కాదు. కనుక్కోలేదు. ఉందని తెలిస్తే దిగాల్సి వస్తుందని.

క్షమించమని మిమ్మల్ని అడగడం లేదు. ఆ హక్కు మీకు లేదు, అడిగే ముఖం నాకు లేదు. ఇది రాశాక గుండె కాస్త తేలికైన మాట నిజం. ఆ తేలిక మీద కూడా నాకు కోపంగానే ఉంది. ఆ రోజు గడప దగ్గర ఒక్క మాట చెప్పమని అడిగింది. అక్కడ చెప్పాల్సింది ఇక్కడ చెబుతున్నాను. మాబున్ని బోరింగు నీళ్లే తెచ్చింది. బిందె రెండుసార్లు తొలిచి పట్టేది. నేను మిద్దె మీద నుంచి రోజూ చూశాను.