పాదాలు ఆనే బెంచీ

వాన పడితే ఊళ్లో జనం పరుగెత్తేది ఆయన కట్టిన నీడల కిందికే. బస్టాపులకు షెల్టర్లు చేయడం ఆయన పని. ఇనుప గొట్టాలు వంచి, రేకు కప్పి, వెనక పలకలో ఆకుల బొమ్మలు కోసేవాడు. పొద్దున పూట ఎండ ఆ ఆకుల్లోంచి జారి, బస్సు కోసం చూసేవాళ్ల భుజాల మీద వాలేది. మనిషి బాగా పొడుగు. వెల్డింగు షెడ్డులో అందరూ నిచ్చెన మామ అంటారు.

ఆయన టేపు వాడనిది ఒక్క బెంచీ ఎత్తుకే. తన మోకాలి వెనక అరచెయ్యి అడ్డంపెట్టి, ఆ ఎత్తులోనే గొట్టం మీద సుద్దతో గీత గీసేవాడు. "కూర్చునేది మనిషేగా" అనేవాడు.

భార్య మాత్రం ఏ బస్టాపులోనూ కూర్చోదు. నిలబడే ఉంటుంది. తన చేతిపని ఆమెకు నచ్చలేదేమోనని ఆయన మనసులో ఒక మూల ఎప్పుడూ తడిగా ఉండేది. అడగలేదు. అడిగితే నిజం చెబుతుందని భయం.

ఈమధ్య ఆమె మోకాళ్లు అరిగాయి. అంతసేపు నిలబడలేక చెల్లెలింటికి వెళ్లడమే మానేసింది. అంతలో సొంత వీధి మలుపులో షెల్టరు పని వచ్చింది. బెంచీ కాళ్లకు కాంక్రీటు పోయకముందే ఆమెను తీసుకొచ్చాడు.

"కూర్చో."

"వద్దులెండి, నిలబడతాను."

"ఇన్నేళ్లుగా చూస్తున్నా. నా బెంచీ అంటే ఎందుకే నీకంత కోపం?"

ఆమె అటూ ఇటూ చూసి, అంచు పట్టుకుని, మునివేళ్ల మీద లేచి ఎలాగో ఎక్కి కూర్చుంది. పాదాలు నేలకు ఆనలేదు. గాలిలో వేలాడాయి.

"చూశారుగా. కాసేపటికి కాళ్లు తిమ్మిరెక్కుతాయి. దిగాలంటే దూకాలి. ఈ వయసులో దూకమంటారా?"

"మరి చెప్పలేదేం?"

"కట్టిన ప్రతిదీ చూపించి మురిసిపోతుంటే ఏం చెప్పను? పొట్టిదాన్ని చేసుకున్నానని అప్పుడు మీకు గుర్తొస్తుందేమోనని ఊరుకున్నా."

ఆయన నేలమీద కూర్చుని, ఆమె మోకాలి వెనక నుంచి మడమ దాకా జానలతో కొలిచాడు.

"మామా, రంగు కూడా ఆరిపోయింది" అన్నాడు వెల్డరు.

"మళ్లీ వేద్దాంలే."

బెంచీని మధ్యకు కోసి, ఒక సగానికి కాళ్లు కురచ చేశాడు.

కాంక్రీటు గట్టిపడ్డాక ఒక ఉదయం ఆమె చెల్లెలింటికి బయల్దేరింది. కురచ వైపు కూర్చుంది. పాదాలు రెండూ నేలమీద నిదానంగా ఆనాయి. ఆయన పొడుగు వైపు కూర్చున్నాడు.

"అంత పైనుంచి మాట్లాడితే నా మెడ పట్టేస్తుంది."

ఆయన దిగి ఆమె పక్కకు చేరాడు. మోకాళ్లు గడ్డం దాకా వచ్చాయి. ఆమె కొంగు అడ్డంపెట్టుకుని నవ్వింది.

బస్సు వచ్చింది. ఆమె ఎవరి చెయ్యీ అడగకుండా లేచి, ఎక్కి, కిటికీ పక్కన కూర్చుంది. ఆయన ఇంకా బెంచీ అంచు పట్టుకుని లేవడానికి తంటాలు పడుతున్నాడు.

"మెల్లగా" అంది కిటికీలోంచి.